పుచ్చుకునే బావ

బస్టాండు వెనక సందులో, చెప్పుల దుకాణానికీ మందుల షాపుకీ మధ్య, ఒక మనిషి కాళ్ళు చాపుకుని పడుకుంటే నిండిపోయేంత కొట్టు ఒకటుంది. అందులో సూట్‌కేసులు, చేతిసంచులు, గొడుగులు బాగుచేసే ఆయన్ని ఆ సందు సందంతా పెట్టెలాయన అంటుంది. యాభై దాటిన మనిషి. ముక్కు మీదికి జారిన కళ్ళజోడు, చెవి వెనక పెన్సిలు, నోట్లో ఎప్పుడూ ఒకటో రెండో చిన్న మేకులు. మేకులుండగా మాట్లాడలేడు కాబట్టి మితభాషి అన్న పేరు కూడా ఉంది. తీసేశాక ఎంతసేపు మాట్లాడతాడో తెలిసింది ఆయన భార్యకొక్కదానికే.

ఆ కొట్టులోంచి ఏ వస్తువూ బయటికి పోయి ఎరగదు. బాగుచేసిన పెట్టెలు పోతాయి, అది వేరే సంగతి. చెడిపోయిన చక్రం, పళ్ళూడిన జిప్పు, విరిగిన పిడి, గాలికి తిరగబడిన గొడుగు ఊచలు, అన్నీ డబ్బాల్లోకి చేరతాయి. డబ్బాలు నిండితే ఇంటికి చేరతాయి. ఇంట్లో ఆయన భార్య చీపురు పట్టుకుని మంచం కింద ఒక్క ఊపు ఊపిందంటే నాలుగు చక్రాలు దొర్లుకుంటూ ఎదురొస్తాయి. ఆవిడ ఇంట్లోనే బట్టలు కుడుతుంది. కుట్టుమిషను పక్కన కాలు పెట్టుకోను చోటు లేదని పెళ్ళయిన దగ్గర్నుంచీ చెవినిల్లు కట్టుకుని పోరుతోంది.

"ఇవన్నీ ఏం చేసుకుంటారండీ?" అని ఆవిడ అడిగినప్పుడల్లా, "పనికొస్తాయి" అంటాడు. ఎప్పుడు, దేనికి అన్నది ఇద్దరూ మాట్లాడుకోరు.

డబ్బు దగ్గర ఆయన మరీ పిసినారి కాదు. వచ్చిన చిక్కల్లా వస్తువు చేతిలోంచి జారిపోవడం దగ్గరే. ఎవరేమిచ్చినా పుచ్చుకుంటాడు. కంపెనీవాళ్ళు పంచే తాళం గొలుసులు, పక్కింటివాళ్ళు ఖాళీచేస్తూ వదిలేసిన దీపం స్టాండు, బస్సులో ఎవరో మర్చిపోయి తిరిగి రాని ఒంటి చేతితొడుగు, దేనికీ వద్దన్న మాట లేదు. ఇవ్వడం దగ్గరకొచ్చేసరికి మాత్రం చెయ్యి వెనక్కే ఉంటుంది. పైన విమానం పోతుంటే కూడా అందులోంచి ఏమైనా రాలుతుందేమోనని చూస్తాడని ఆయన బావమరిది ఎగతాళి.

ఆ బావమరిది, అంటే పెట్టెలాయన భార్యకు సొంత తమ్ముడు, బస్సు డిపోలో సూపర్‌వైజరు. మనిషి ఎంత భారీయో గొంతు అంత భారీ. ఏటా డిపోలో రక్తదాన శిబిరం పెట్టిస్తాడు. తనది ఓ నెగెటివ్. ఎవరికైనా ఎక్కించగల రక్తం. ఆ సంగతి ఆయనతో పరిచయమైన ఎవరికైనా మొదటి అయిదు నిమిషాల్లో తెలిసిపోతుంది. వాళ్ళింటి హాల్లో గోడ నిండా శిబిరాలవాళ్ళిచ్చిన షీల్డులు.

ఒక ఏడాది శిబిరానికి బావగారిని కూడా లాక్కుపోయి వేలు గుచ్చించి గ్రూపు చూపించాడు. ఏబీ పాజిటివ్ అని తేలింది. ఆ రాత్రి భోజనాల దగ్గర దాని అర్థం అందరికీ విడమరిచి చెప్పాడు. ఏబీ పాజిటివ్ వాళ్ళు ఎవరి రక్తమైనా ఎక్కించుకోవచ్చు. వాళ్ళ రక్తం మాత్రం వాళ్ళలాంటివాళ్ళకు తప్ప ఇంకెవరికీ పనికిరాదు.

"చూశావా అక్కా, బావ రక్తంలోనే ఉంది. అందరి దగ్గరా పుచ్చుకోవడమే. ఇచ్చేది లేదు."

బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు పొట్టలు పట్టుకుని నవ్వారు. ఆ రోజు నుంచి ఆయన పుచ్చుకునే బావ అయిపోయాడు. పెట్టెలాయన మాత్రం మెతుకు కింద పడకుండా తింటూ, తాను ఆ రోజు రక్తం ఇవ్వకుండా ఎందుకు తిరిగొచ్చాడో నిదానంగా చెప్పాడు. నాలాంటివాళ్ళకే పనికొచ్చేదైతే, నాలాంటివాడు వచ్చేదాకా అది సీసాలో ఉండాలి. ఈలోగా పాడైపోతే పారేస్తారు. పారేసేదానికి ఇవ్వడమెందుకు? తప్పించుకోవడానికి చెప్పాడని అందరూ నవ్వారు. సగం తప్పించుకోవడమే. మిగతా సగం మాత్రం ఆయన మనస్ఫూర్తిగా నమ్మాడు.

ఇలా ఏళ్ళు గడిచాయి. ఒక రోజు కొట్టుకి ఒక నర్సు వచ్చింది. చక్రాల సంచీ ఒకటి ఈడ్చుకుంటూ వచ్చింది, ఈడ్చిందనే అనాలి, ఎందుకంటే చక్రం ఒకటి ఊడి ఆవిడ చేతిలో ఉంది. బ్లడ్ బ్యాంకులో పని. శిబిరాలకు సామాను మోసే సంచీ అది. సాయంత్రానికి కావాలంది. ఆయన డబ్బాల్లో వెతికి, అచ్చం అలాంటి చక్రమే, ఏనాడో ఎవరో వదిలేసిన పెట్టెది, తీసి బిగించడం మొదలుపెట్టాడు. పని చూస్తూ నిలబడ్డ నర్సు ఊరికే ఉండలేక అందరినీ అడిగే ప్రశ్నే ఆయన్నీ అడిగింది. మీది ఏ గ్రూపు బాబాయ్?

ఆయన నోట్లో మేకులు తీశాడు. "ఏబీ పాజిటివ్ అమ్మా. ఎవరికీ పనికిరానిది."

ఆ పిల్ల కళ్ళు పెద్దవయ్యాయి. "ఎవరన్నారు అలా? మీ ప్లాస్మా ఎవరికైనా ఎక్కించొచ్చు. మీలాంటివాళ్ళ కోసమే వెతుక్కుంటున్నాం."

స్టూలు లాక్కుని కూర్చుని చెప్పింది. రక్తంలో ఎర్రగా ఉండే కణాలు వేరు, అవి తేలే పసుపుపచ్చ నీళ్ళు వేరు. ఆ నీళ్ళే ప్లాస్మా. కాలినవాళ్ళకి, రక్తం గడ్డకట్టనివాళ్ళకి, ప్రమాదాల్లో నెత్తురు పోయినవాళ్ళకి అది కావాలి. రక్తం లెక్క ప్లాస్మాలో తలకిందులవుతుంది. యాక్సిడెంటయిన మనిషిని తెచ్చి పడేస్తే, అతని గ్రూపు తేల్చే వ్యవధి లేకపోతే, ముందు ఎక్కించేది ఏబీ వాళ్ళ ప్లాస్మానే.

అన్నిటికన్నా ముందు పెట్టెలాయనకు తోచిన ప్రశ్న ఇది. "మరి ఓ గ్రూపువాళ్ళ ప్లాస్మా?"

"అది ఓ వాళ్ళకే బాబాయ్."

ఆయన స్క్రూడ్రైవరు కింద పెట్టి నవ్వాడు. చెప్పుల దుకాణం యజమాని ఏమైందోనని బయటికొచ్చి చూసేదాకా నవ్వాడు.

నవ్వడం వేరు, ఇవ్వడం వేరు. సూది, రక్తం, నీరసం అన్నీ గుర్తొచ్చి మళ్ళీ మేకులు నోట్లో పెట్టుకోబోయాడు. నర్సు అది కనిపెట్టింది. మీ రక్తం మాకొద్దు బాబాయ్, అంది. మిషనులో తిప్పి పసుపు నీళ్ళు మాత్రం తీసుకుని, ఎర్రదంతా తిరిగి మీ ఒంట్లోకే పంపించేస్తాం.

"మిగిలింది తిరిగిచ్చేస్తారా?"

"మాకెందుకు అది?"

ఇలాంటి దానం ఒకటి లోకంలో ఉందని ఆయనకు ఇన్నేళ్ళూ ఎవరూ చెప్పలేదు. కావలసిన భాగం విప్పుకుని మిగతా పెట్టె యజమానికి తిరిగివ్వడం. తాను రోజూ చేసే పనే. వస్తానన్నాడు. చక్రానికి డబ్బులు కూడా తీసుకోలేదని చెప్పాలని ఉంది కానీ తీసుకున్నాడు.

నర్సు పోతూ పోతూ రెండు మాటలు గట్టిగా చెప్పింది. ముందు రోజు నుంచీ నీళ్ళు బాగా తాగాలి. నూనె, వెన్న, మీగడ ఉన్నవి తినకూడదు.

బావమరిదికి ఈ సంగతి వెంటనే చెప్పాలని నాలుక దురద పెట్టింది. కానీ పెట్టె బాగుచేస్తానని చెప్పడం కాదు, బాగుచేసిన పెట్టె చూపించడం ఆయన పద్ధతి. ఇచ్చి వచ్చాకే చెబుదామని ఊరుకున్నాడు. భార్యతో మాత్రం ఫలానా రోజు మధ్యాహ్నం ప్లాస్మా ఇవ్వడానికి వెళ్తున్నానన్నాడు. ఆవిడ మిషను ఆపి, ఆయన నుదుటి మీద చెయ్యి వేసి చూసింది.

ఆ రోజు రానే వచ్చింది. పొద్దున్నుంచీ నీళ్ళు తాగి తాగి కడుపులో అలలు లేస్తున్నాయి. మధ్యాహ్నానికి రెండు రొట్టెముక్కలు తెచ్చుకున్నాడు. సరిగ్గా ఆ రోజే పక్కన చెప్పుల దుకాణం యజమాని ఎదురుగా రెండో కొట్టు తెరిచి సందులోవాళ్ళందరికీ భోజనాలు పెట్టాడు. వానొచ్చి సగం మంది రాలేదు. వేపుళ్ళు, వెన్న కారే రొట్టెలు, మీగడ తేలే గిన్నెలు బల్లల మీద మిగిలిపోయాయి. పెట్టెలాయన తన రొట్టెముక్క తాను తింటూ బుద్ధిగానే కూర్చున్నాడు. అంతలో వంటవాళ్ళ మనిషి ఒక పెద్ద ట్రే ఎత్తి చెత్తడబ్బా వైపు నడిచాడు.

ఆయన లేచాడు. ఎందుకు లేచానన్నది ఆయనకే తెలియదు. కాళ్ళు లేచాయి. పారేసేదైతే ఇలా పెట్టమన్నాడు. ఆ ట్రే తరవాత ఇంకోటి వచ్చింది. తింటున్నంతసేపూ నర్సు మాట గుర్తుంది. కానీ దానికి ఆయన దగ్గర సమాధానమూ ఉంది. పెట్టెకు జిప్పు చెడితే చక్రానికేం సంబంధం? కడుపు కడుపే, చెయ్యి చెయ్యే. సూది గుచ్చేది చేతికి కదా.

బ్లడ్ బ్యాంకు గది చల్లగా, శుభ్రంగా ఉంది. బరువు చూశారు, వేలు గుచ్చారు, చేతికి పట్టీ చుట్టి బీపీ చూశారు. వెనక్కి వాలే కుర్చీలో పడుకోబెట్టారు. పక్కనే మిషను, చిన్న ఫ్రిజ్జంత ఉంది. సూది పడ్డప్పుడు ఆయన కళ్ళు మూసుకున్నాడు కానీ మిషను తిరగడం మొదలుపెట్టగానే తెరిచాడు. గొట్టంలో ఎర్రగా పోవడం, లోపల గిన్నె గిర్రున తిరగడం, కాసేపటికి అదే గొట్టంలో ఎరుపు వెనక్కి రావడం, అంతా రెప్ప వేయకుండా చూశాడు. తిరిగొచ్చే రక్తం చేతిలోకి చల్లగా పాకింది. పెదాల చుట్టూ చీమలు పాకినట్టయింది. అది మామూలేనని నర్సు చెప్పింది. గుప్పిట మూసి తెరుస్తూ ఉండమంది. మిషను పనితనం ఆయనకు నచ్చింది. చేసినవాడెవడో పని తెలిసిన మనిషే అన్నాడు.

అప్పుడే నర్సు సంచీ వైపు చూసింది. కొక్కేనికి వేలాడుతున్న సంచీలోకి దిగుతున్నది పసుపుగా లేదు. పాలలా ఉంది. చిక్కటి పాలు.

"బాబాయ్, మధ్యాహ్నం ఏం తిన్నారు?"

ఆయన రెండు రొట్టెముక్కలతో మొదలుపెట్టాడు. నర్సు చూపు కదల్లేదు. వేపుళ్ళు కొద్దిగా అన్నాడు. ఆ తరవాత వెన్న. ఆ తరవాత మీగడ గిన్నె. గిన్నెలు అని సవరించుకున్నాడు.

"తినొద్దని చెప్పానుగా."

"పారేస్తున్నారమ్మా."

నర్సు మిషను ఆపింది. తిన్న కొవ్వంతా నెత్తుటిలోకి దిగి ప్లాస్మాలో తేలుతోంది, ఇది ఎవరికీ ఎక్కించలేం, పారేయాలి అంది.

ఆ మాట ఆయనకు సూది కన్నా లోతుగా దిగింది. తన జీవితంలో ఒక్క మేకు పారేసి ఎరగని మనిషి, తన ఒంట్లోంచి తీసింది పారేస్తారంటే వింటూ పడుకున్నాడు.

"అయితే మళ్ళీ నాకే ఎక్కించెయ్యి."

"కుదరదు బాబాయ్."

"పోనీ, కవర్లో పెట్టియ్యమ్మా. ఇంటికి తీసుకెళ్తా."

"ఇంటికి తీసుకెళ్ళి ఏం చేసుకుంటారు?"

మంచం కింద చక్రాల గురించి లేని జవాబు దీనికి మాత్రం ఎక్కడ దొరుకుతుంది? ఆ పిల్ల ఆ సంచీని మూత ఉన్న డబ్బాలో వేసింది. మూత పడ్డ చప్పుడు ఆయనతో పాటు ఇంటిదాకా వచ్చింది. రెండు వారాలాగి మళ్ళీ రండి, ఈసారి నోరు కట్టేసుకుని రండి అని నర్సు వెనకనుంచి అంటూనే ఉంది.

గుమ్మంలో అడుగు పెట్టేసరికి భార్య ముందు ఆయన మోచేతి దగ్గరున్న కట్టు చూసింది. ఆవిడ ముఖంలో ఆయన ఎప్పుడూ చూడని వెలుగు వచ్చింది. ఒక్క మాట అడగకుండా కుర్చీ వేసి, దిండు పెట్టి, లోపలికెళ్ళి గ్లాసు నిండా పాలు తెచ్చింది. ఆ తెలుపు చూడగానే ఆయన ముఖం పక్కకి తిప్పుకున్నాడు. నీరసమనుకుని ఆవిడ ఇంకాస్త దగ్గరకు తెచ్చింది. చెబుదామని నోరు తెరిచాడు. తెరిచిన నోట్లోకి పాలు వచ్చాయి.

ఆ తరవాత చెప్పడానికి సందు దొరకలేదు. ఆవిడ అప్పటికే తమ్ముడికి ఫోను చేసింది. మర్నాటికి సందంతా తెలిసింది. మందుల షాపతను బలానికి మంచిదని ఒక మందు సీసా ఇచ్చాడు. చెప్పుల దుకాణం యజమాని కొత్త చెప్పుల జత తెచ్చి కాళ్ళ దగ్గర పెట్టి, నా కొట్టు తెరిచిన రోజే ఇంత మంచిపని చేశావని చెయ్యి పట్టుకుని ఊపాడు. ఇంకో రోజైతే ఆ చెప్పులు ఆ క్షణమే కాళ్ళకుండేవి. ఇప్పుడు వాటిని పెట్టెలోనే ఉంచి, పెట్టెను అరలో ఉంచి, అర వైపు వీపు పెట్టుకుని కూర్చున్నాడు. పుచ్చుకున్నది గుచ్చుకోవడం ఆయనకు ఇదే మొదలు.

బావమరిది మాత్రం ఫోనుతో ఆగలేదు. డిపోలో సెలవు దొరికాక, పది రోజులకి స్వయంగా వచ్చాడు. వచ్చి, ఆ కొట్టులో ఇద్దరు పట్టని చోట బావగారిని కౌగిలించుకున్నాడు. గొడుగులు రెండు కింద పడ్డాయి.

"బావా, ఇన్నాళ్ళూ నిన్ను నానా మాటలూ అన్నాను. తప్పు నాదే." ఆ పెద్ద గొంతు నిజంగానే వణికింది. "శనివారం రాత్రి మా ఇంట్లో నీకు విందు. డిపోవాళ్ళని కూడా పిలుస్తున్నా."

విందులొద్దని పెట్టెలాయన అన్నాడు. ఆయన నోట వద్దన్న మాట విని బావమరిది మరింత కరిగిపోయాడు.

శుక్రవారం నర్సు ఫోను చేసింది. ఏబీ నిల్వ పూర్తిగా అయిపోయింది, హైవే మీద బస్సు ప్రమాదంలో గాయపడినవాళ్ళు ఇంకా ఆస్పత్రిలోనే ఉన్నారు, ఆదివారం పొద్దున్నే వస్తారా అని అడిగింది. రెండు వారాలు ఎటూ నిండాయి. వస్తానన్నాడు. ఫోను పెట్టేశాక శనివారం గుర్తొచ్చింది. ఆ విందు తింటే ఆదివారం మళ్ళీ పాలే. తినకపోతే ఎందుకు తినలేదో చెప్పాలి. చెబితే మొన్నటిది బయటపడాలి. తల ప్రాణం తోకకొచ్చింది.

శనివారం రాత్రి షీల్డుల గోడ కింద బల్లలన్నీ కలిపి వేశారు. డిపోవాళ్ళు ముందే వచ్చి కూర్చున్నారు. బావమరిది భార్య మూడు పొయ్యిలు ఒకేసారి వెలిగించి మధ్యాహ్నం నుంచీ నిలబడి వండింది. నూనెలో వేగనిదేదైనా ఉంటే దాని మీద వెన్న ఉంది. వెన్న లేనిదాని మీద మీగడ ఉంది. పుచ్చుకునే బావకు నడుమ కుర్చీ. ఆయన ఇంత తెల్లన్నం, నాలుగు దోసకాయ ముక్కలు వేసుకుని, కూజా దగ్గరకు లాక్కుని నీళ్ళు తాగడం మొదలుపెట్టాడు.

మొదట మొహమాటం అనుకున్నారు. ఆయనకు మొహమాటమేమిటని వెంటనే గుర్తొచ్చింది. బావమరిది భార్య గరిటె పట్టుకుని పక్కనే నిలబడింది.

"నా వంట మీద కోపమా అన్నయ్యగారూ?"

"కోపమెందుకమ్మా. దోసకాయ బాగుంది."

దోసకాయ తాను వండింది కాదు. ఆవిడ ముఖం చిన్నబోయింది. బావమరిది గరిటె తాను అందుకుని, బావ అలిగాడు, ఇన్నేళ్ళ ఎగతాళికి ఇవాళ పగ తీర్చుకుంటున్నాడు, అలక తీరేదాకా నేనూ తిననని తన ప్లేటు నెట్టేశాడు. దాంతో డిపోవాళ్ళు తినలేక మానలేక చేతులు గాల్లో పెట్టుకుని కూర్చున్నారు. ఎదురుగా గిన్నెలు చల్లారిపోతున్నాయి. ఆ చల్లారడం ఆయన తప్ప ఎవరూ చూడడం లేదు.

భార్య లేచి ఆయన్ని వంటింట్లోకి లాక్కుపోయింది. ఏమైందో చెప్పమంది. గిన్నెలు తోమే తొట్టి పక్కన నిలబెట్టి అడిగితే దాచుకోవడానికి ఏమీ మిగల్లేదు. చెప్పుల దుకాణం భోజనాల దగ్గర మొదలుపెట్టి డబ్బా మూత దాకా, రేపు పొద్దున్నే మళ్ళీ రమ్మన్న నర్సు ఫోను దాకా చెప్పాడు.

"పారేశారా?" అందావిడ.

"ఆ."

"మీది?"

"నాదే."

ఆవిడ చేత్తో నోరు మూసుకుంది. భుజాలు ఊగాయి. ఏడుస్తోందేమోనని ఆయన కంగారుపడ్డాడు. కాదు. నవ్వు ఆగాక, మరి ఆ రోజే నాకు చెప్పొచ్చుగా అంది.

"నువ్వు పాలు తెచ్చావు. ఏం చెప్పను?"

"రేపు నిజంగా ఇస్తారా?"

"అందుకేగా ఈ దోసకాయ."

అయితే నేను చూసుకుంటానని ఆవిడ హాల్లోకెళ్ళి, ఆయనకు కడుపు బాగోలేదని ప్రకటించింది. అక్కడున్నవాళ్ళు ఆయన గురించి ఏం చెప్పినా నమ్మేవాళ్ళే, ఆ ఒక్కటి తప్ప. బావమరిది ముఖంలో నెత్తురు చుక్క లేదు. రక్తమిచ్చిన నీరసం లోపలికి పోయిందని, డాక్టరుకి ఫోను చేయమని, కారు తీయమని కేకలు మొదలుపెట్టాడు. ఎవరో అప్పుడే చెప్పులు వేసుకుంటున్నారు. ఆ చెప్పులు చూసి పెట్టెలాయనకు అరలో ఉన్న జత గుర్తొచ్చింది.

వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"కడుపు బాగానే ఉంది. మొన్న నేను ఇచ్చింది ఎవరికీ అందలేదు. కొవ్వు తిని వెళ్ళాను, పాలలా వచ్చింది, పారేశారు. రేపు పొద్దున్న మళ్ళీ ఇవ్వాలి. అందుకే తినడం లేదు. మీరందరూ నన్ను మెచ్చుకున్నదంతా ఊరికే పుచ్చుకున్నాను."

బావమరిది అక్క వైపు చూశాడు, బావ వైపు చూశాడు, ప్లేటులో దోసకాయ ముక్కల వైపు చూశాడు. డిపోలో బ్రేకు ఫెయిలైన బస్సు లాంటి నవ్వు ఆయన గొంతులోంచి బయలుదేరింది. ఆపే దారి లేదు. గోడ మీద ఒక షీల్డు వంకరైంది. డిపోవాళ్ళంతా అందుకున్నారు. "పాలా బావా? పాలా?" అంటూ బావమరిది కళ్ళు తుడుచుకున్నాడు.

"నవ్వింది చాలు గానీ ముందు తినండి," అన్నాడు పెట్టెలాయన. "చల్లారిపోతోంది. పారేస్తే ఊరుకోను."

ఆ రాత్రి ఆయన నీళ్ళు తాగుతూ, ప్రతి ప్లేటూ ఖాళీ అయ్యేదాకా కాపలా కూర్చున్నాడు. ఆ గిన్నెల వాసన మధ్య అలా కూర్చోవడం ఎంత కష్టమో భార్యకు ఒక్కదానికే తెలుసు. ఎవరూ చూడకుండా ఆవిడ ఒక డబ్బా నింపింది.

ఆదివారం బ్లడ్ బ్యాంకుకు ముగ్గురూ వెళ్ళారు. బావ ఇచ్చేది కళ్ళారా చూస్తేగానీ నమ్మనని బావమరిది వెంటపడ్డాడు. నర్సు సూది గుచ్చింది, మిషను తిరిగింది. ఈసారి పెట్టెలాయన మిషను వైపు చూడలేదు. సంచీ వైపు చూశాడు. గొట్టంలో మొదటి చుక్క జారే దాకా గుప్పిట మూయడం కూడా మర్చిపోయాడు.

పసుపు. ఎండ పడ్డ గడ్డి రంగు. సంచీ అవతల ఉన్న నర్సు వేళ్ళు కనిపించేంత తేటగా.

చూసి చూసి బావమరిదికి ఉత్సాహం ఆగలేదు. చొక్కా చెయ్యి పైకి మడిచి, నాది కూడా తీసుకోమ్మా, నాది ఓ నెగెటివ్, ఎవరికైనా పనికొస్తుంది అన్నాడు. నర్సు ఆయన్ని మర్యాదగా చూసి, మీ రక్తం ఎవరికైనా పనికొస్తుంది సార్, మీ ప్లాస్మా మాత్రం మీ గ్రూపువాళ్ళకే, బాబాయ్‌దైతే అందరికీ అంది.

రెండు వారాలకు పైగా కడుపులో దాచుకున్న మాట. పెట్టెలాయన కప్పు వైపు చూస్తూ, కొత్త జిప్పు వేసిన పెట్టెలా నోరు గట్టిగా మూసుకుని పడుకున్నాడు. చెప్పాల్సిన పని పడలేదు. భార్య తమ్ముడి వైపు తిరిగి, "చొక్కా కిందికి దించు నాయనా, చలి" అంది.

పని అయిపోయింది. ఎర్రదంతా వెనక్కి వచ్చింది. గొట్టం అంచున కాస్త ఎరుపు అంటుకుని మిగిలిపోతే, అన్నీ తిరిగిస్తామన్నావుగా అని వేలుపెట్టి చూపించాడు. నర్సు నవ్వి సంచీని వెలుతురుకి ఎత్తిపట్టింది. ఫ్రీజరులో గడ్డకట్టించి ఉంచితే ఏడాది దాకా పాడవదంది.

"ఏడాది దాచొచ్చా?" ఆయనకు ఆ బ్లడ్ బ్యాంకు మీద గౌరవం పెరిగింది.

"దాచొచ్చు గానీ, మీది ఇవాళ సాయంత్రానికే అయిపోతుంది బాబాయ్. ఆస్పత్రివాళ్ళు రెండుసార్లు అడిగారు."

ఆయన సంచీ తలుపు దాటి పోయేదాకా చూశాడు. ఈసారి మూత చప్పుడు లేదు.

పక్క గదిలో కూర్చోబెట్టి బిస్కెట్లు, పళ్ళరసం ఇచ్చారు. పుచ్చుకున్నాడు. భార్య సంచీలోంచి రాత్రి డబ్బా తీసి ఒళ్ళో పెట్టింది. మూత తీయగానే రాత్రంతా మాటేసిన వేపుళ్ళన్నీ ఒక్కసారి పైకి చూశాయి. ఆయన చెయ్యి అందులోకి పోబోతూ ఆగింది. నర్సు అప్పుడే కట్టు చూడ్డానికి వచ్చి నిలబడింది.

"తీసుకోమ్మా," అన్నాడు.

భార్య, బావమరిది ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నర్సు ఒకటి తీసుకుంది. బాగుందని ఇంకోటి తీసుకుంది. ఆవిడ చెయ్యి మూడోదాని వైపు కదిలినప్పుడు పెట్టెలాయన ఏమీ అనలేదు గానీ, డబ్బాను మాత్రం ఒళ్ళో కాస్త ఇటువైపుకి జరుపుకున్నాడు.